లామాకి ఊపిరాడలేదు

మా ఆఫీసులో ఒక పెట్టె ఉండేది. దానికి లామా అని నేనే పేరు పెట్టాను. మా కొండల్లో బరువులు మోసే జంతువు లామా. బరువు కాస్త ఎక్కువైందనిపిస్తే అది నడిదారిలో చతికిలబడుతుంది. కొట్టినా తిట్టినా లేవదు, మరీ విసిగిస్తే మొహాన ఉమ్ముతుంది. మా పెట్టె ఉమ్మేది కాదు, ఎర్ర దీపం వెలిగించేది. మిగతా గుణాలన్నీ అవే.

బూట్ల డబ్బా కంటే కొంచెం పెద్దది. లోపల రెండు డిస్కులు, వెనక ఒక ఫ్యాను, ముందు రెండు దీపాలు. మా ఊరు ఎల్ ఆల్తోలో మేం పెళ్ళిళ్ళకీ పండగలకీ వీడియోలు తీస్తాం. మేం అంటే ఇద్దరమే: కెమెరా పట్టే యజమాని దోన్ ఫెర్మిన్, ఆయన తీసిందాన్ని కోసి కుట్టే నేను, నియేవెస్‌ని. తీసిన ప్రతిదీ నెట్‌వర్క్ కేబుల్ మీదుగా ఆ పెట్టెలోకే పోతుంది. కెమెరా కార్డులు చెరిపేసి మళ్ళీ వాడుకుంటాం. ఇంకోచోట ఇంకో కాపీ పెట్టుకోవాలని నేను మూడుసార్లు చెప్పాను, దోన్ ఫెర్మిన్ మూడుసార్లూ తలూపాడు. కాబట్టి లామా లేవలేదంటే మా పేటలో సగం మందికి పెళ్ళయిందనడానికి సాక్ష్యం లేనట్టే.

కొన్న కొత్తలో నెలకోసారి చతికిలబడేది. రెండేళ్ళు గడిచేసరికి రోజుకోసారి. తెరిచిన ఫోల్డరు కళ్ళముందే మాయమయ్యేది, ఆపి మళ్ళీ వేస్తే అరగంట మూలిగి లేచేది.

దోన్ ఫెర్మిన్ దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు, చల్యా. నెలలో మొదటి శుక్రవారం మావాళ్ళు కొట్టో, బండో, కుట్టుమిషనో, దేనిమీద బతుకుతుంటే దానికి చల్యా చేస్తారు. పేరులో వినపడుతున్నట్టు చల్లడమే అది. పచమామకి, అంటే మమ్మల్ని మోస్తున్న నేలతల్లికి, ముందు రెండు చుక్కలు. తర్వాత ఆ వస్తువుకి కాస్త బీరు, కాస్త సారా, పైన గుప్పెడు రంగుకాగితం ముక్కలు, చుట్టూ ధూపం. బండికి చేస్తే నాకేం అభ్యంతరం లేదు. బండి వానలో తడిసేదే. మా యజమాని మాత్రం అన్నిటికంటే ఎక్కువ ప్రేమ లామా మీదే ఒలకబోసేవాడు.

“మిషన్‌కి బీరు పోస్తారా ఎవరైనా?” అని అరిచేదాన్ని.

“కొంచెమేనే, ఆ మూలమీద.”

“ఆ మూలమీదే స్విచ్చుంది!”

“మరి దాహమేసేది అక్కడే కదే.”

నేను సాంకేతిక విద్యాలయంలో రెండేళ్ళు చదివినదాన్ని. రోగమేమిటో నాకు స్పష్టంగా తెలుసు: లోపల బీరు, ఫ్యానులో కాగితం ముక్కలు. ఫిబ్రవరిలో పెట్టె విప్పి, పాత టూత్‌బ్రష్‌తో పిడికెడు రంగుకాగితాలు బయటికి తీశాను. ఆ నెల నుంచీ చల్యా వేళకి దానిమీద ప్లాస్టిక్ సంచి తొడిగి, ముందు నిలబడి కాపలా కాశాను. లామా మారలేదు. పైగా ఇంకొంచెం ముదిరింది. దోన్ ఫెర్మిన్ ఎర్ర దీపం వెలిగిన ప్రతిసారీ నావైపు చూసి మీసం దువ్వుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇలా ఉండగా జూన్‌లో ఒక గురువారం దోన్యా గుమర్సిందా వచ్చింది.

ఆమెది రేకుల దుకాణం, ఇళ్ళమీద కప్పే రేకులు. రెండు జడలు, గుండ్రటి టోపీ, కుచ్చిళ్ళ పావడా, మీద శాలువా. తల నుంచి కాలి దాకా అంతా నలుపు. క్రితం ఏడాది ఆమె, భర్త కాసియానో కలిసి మా పేట పండగకి పెద్దలుగా నిలబడ్డారు. బాజాలూ భోజనాలూ బీర్లూ, మూడు రోజులూ వాళ్ళ చేతిమీదుగానే జరిగాయి. బతుకులో ఒక్కసారి దొరికే గౌరవం అది. వీడియో మేమే తీశాం. పండగైన మూడు వారాలకి కాసియానో రేకులు దించుతూ దించుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు.

మైల ఉన్న ఇంట్లో ఏడాది పాటు పాట వినపడకూడదు. ఆ వీడియో నిండా బాజాలే. అందుకని ఆమె అడగలేదు. ఎవరూ తొందరపెట్టని పని నేనెప్పుడు చేశాను గనక? ఏడాదిగా అది లామా కడుపులో అలాగే పడి ఉంది.

“ఆదివారం సంవత్సరీకం, తల్లీ,” అంది కూర్చుంటూ. “చర్చిలో పూజవగానే నలుపు తీసేస్తాం. ఇక పాట పెట్టొచ్చు, ఆడొచ్చు. ముందుగా ఆయన ఆట చూడాలి.”

“బాగా ఆడాడు కదండీ ఆయన,” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“ఏమో, నేను చూశానా? ఆవేళ వంటగది గుమ్మంలో నిలబడి రెండొందల మందికి వడ్డిస్తున్నా. బయట బాజా వినపడుతోంది. ఈ అయిదు పళ్ళేలు పంపి వెళ్దాం, ఇంకో అయిదు పంపి వెళ్దాం అనుకుంటూనే ఉన్నా. నేను వెళ్ళేసరికి ఆట అయిపోయింది. ఏం ఫరవాలేదే, వీడియో ఉందిగా, కూర్చుని చూద్దాం అన్నాడాయన.”

గబగబా కంప్యూటరు వైపు తిరిగి ఆ ఫోల్డరు కాపీకి పెట్టాను. నాలుగు శాతం. ఏడు. పదకొండు. ఫోల్డరు మాయమైంది. లామా మొహాన రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి.

“ఆ ఎర్ర దీపం మంచిదేనా?” అందామె.

“మంచిదేనండీ.”

“మా రేకుల లారీ డ్రైవరూ ఇలాగే చెప్తాడు.”

శుక్రవారం పొద్దున్నే యుద్ధం మొదలుపెట్టాను. కేబుల్ మార్చాను. కేబుల్ దూర్చే రంధ్రం మార్చాను. నెట్‌వర్క్ డబ్బాని పక్కకి నెట్టి పెట్టెని నేరుగా కంప్యూటరుకే తగిలించాను. వేరే గోడ నుంచి కరెంటు ఇచ్చాను. ఒక డిస్కు తీసి రెండోదాంతో, రెండోది తీసి మొదటిదాంతో నడిపించి చూశాను. ఫ్యాను ముందు అట్టముక్క పెట్టి విసిరాను కూడా. తొమ్మిది శాతం, పద్నాలుగు శాతం, ఆరు శాతం. ఏదీ పూర్తవదు. కాపీ సగంలో తెగితే పెద్ద ఫైళ్ళు ఒక్కటీ తెరుచుకోవు.

దోన్ ఫెర్మిన్ టీ తాగుతూ తీర్పు చెప్పాడు. “అలిగిందది. నాలుగు నెలలు దాని నోరు కట్టేశావు. నాలిక పిడచకట్టుకుపోయి ఉంటుంది పాపం.”

“మీరు పోసిన బీరు చాలదా? అది తాగి తాగే ఇలా అయింది!”

“ఫిబ్రవరి నుంచీ చుక్క ముట్టలేదుగా? మరి తగ్గలేదేం?”

దోన్యా గుమర్సిందా పొద్దుటి నుంచీ మూల కుర్చీలో కూర్చుని కోకా ఆకులు నములుతోంది. దుకాణం కూతురికి అప్పగించి వచ్చిందట. మమ్మల్ని తిడితే బాగుండును అనిపించింది నాకు.

చివరికి ఆ పెట్టె మాకు అమ్మిన ఇంజనీర్ ఉర్కీదీకి ఫోన్ చేశాం. ఆయన ఉండేది మా కింద లోయలో ఉన్న లా పాస్ ఊళ్ళో, అడుగున, మెత్తటి ఎండ కాసే పేటలో. మా ఎల్ ఆల్తోకి రావడమంటే ఆయనకి దండయాత్ర. రోప్‌వేలో పైకొచ్చి, మా మెట్లెక్కి, గుమ్మం పట్టుకుని ఆగిపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

“కుర్చీ,” అన్నాడు. నమస్కారం తర్వాత చెప్పాడు.

కూర్చున్నాక లాప్‌టాప్ తెరిచి, పావుగంట టకటకలాడించి, ఆయాసపడుతూనే తేల్చేశాడు. “డిస్కుల్లోనే జబ్బు. మయామీలో ఒక ల్యాబుకి పంపాలి. మూడు నెలలు పడుతుంది.”

“ఎల్లుండే ఆదివారం!” అన్నాను.

“నేనేం చేసేది, సెన్యొరీతా? సైన్సుకి ఆదివారాలుండవు.”

దోన్యా గుమర్సిందా నెమ్మదిగా లేచింది. ఆయాసం తగ్గడానికి కోకా ఆకులు వేసిన వేడినీళ్ళ కప్పు ఆయన చేతిలో పెట్టి, తల పక్కకి వంచి ఆయన్ని పరీక్షగా చూసింది.

“మీరు పుట్టింది ఎక్కడయ్యా?”

“కింద. ఒబ్రాహెస్‌లో.”

“మరి ఆ పెట్టె?”

ఆయన పెట్టె తిరగేసి చీటీ చదివాడు. “థాయ్‌లాండ్‌లో.”

“అక్కడ కొండలున్నాయా?”

“ఏమో. సముద్రం ఉందని తెలుసు.”

“అలా చెప్పండి. పదకొండు మెట్లెక్కి మీరు ఆగారు, పదకొండు శాతమెక్కి అది ఆగింది. ఇద్దరిదీ ఒకటే ఆయాసం. దానికీ ఒక కప్పు ఇవ్వమంటారా?”

దోన్ ఫెర్మిన్ పగలబడి నవ్వాడు. ఉర్కీదీకి నవ్వడానికి ఊపిరి చాల్లేదు. నేను మాత్రం నవ్వలేకపోయాను. పెట్టెతో వచ్చిన పుస్తకం ఎక్కడుందో నాకు గుర్తొచ్చింది. కుంటి టేబులు కాలికింద రెండేళ్ళుగా అణిగి ఉంది. టేబులెత్తి లాగి, చివరి పేజీ తిప్పాను. ఎంత వేడి వరకు, ఎంత తేమ వరకు, ఎంత బరువు. ఆ కింద, చీమ కాళ్ళంత అక్షరాల్లో: సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల ఎత్తు దాటితే వాడరాదు.

మేమున్నది నాలుగు వేలు దాటిన చోట.

పుస్తకం ఉర్కీదీ ఒళ్ళో పడేశాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

“నిజమే,” అన్నాడు. “డిస్కుని చదివే ముల్లు డిస్కుని తాకదు, దాని మీది గాలిలో తేలుతుంది. గాలి పల్చనైతే ముల్లు కిందికి జారుతుంది. వేడి కూడా సరిగా పోదు.”

“మాకు అమ్మినప్పుడు మీకీ సంగతి తెలీదా?”

“చివరి పేజీ ఎవరు చదువుతారమ్మా?”

అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది దోన్ ఫెర్మిన్. పెట్టె మీద చెయ్యేసి నిమిరాడు. “ఊపిరాడక చస్తున్నవాడికి రెండేళ్ళు బీరు పట్టించానే! నోరు తెరిచి చెప్పొచ్చు కదరా!”

ఎత్తు పడనివాడిని ఏం చెయ్యాలో మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. కిందికి దించాలి. ఉర్కీదీ తన ఇంటికి తెమ్మన్నాడు. ఆయన ఇల్లూ మూడు వేల పైనే. దోన్యా గుమర్సిందా అప్పటికే శాలువా సర్దుకుంటోంది.

“కింద వేడి లోయలో, కొరోయికోలో మా వియ్యపురాలుంది. అక్కడ అరటిచెట్లు కూడా గస పెట్టవు. పొద్దున్నే పోదాం, తల్లీ.”

శనివారం తెల్లారుతూనే మినీబస్సెక్కాం. లామాని రెండు దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డల్ని కట్టుకునే రంగుల గుడ్డలో వేసి, దోన్యా గుమర్సిందా వీపుకి కట్టుకుంది. నేను మోస్తానంటే ఇవ్వలేదు. పక్కసీటు ముసలావిడ వంగి చూసింది.

“బిడ్డకి బాలేదా?”

“ఆయాసం. కిందికి తీసుకెళ్తున్నా.”

“ఏడవట్లేదే?”

“ఏడిస్తే బాగుండు.”

కిందికి వెళ్ళాలంటే ముందు ఇంకా పైకెక్కాలి, మా దారులు అలాంటివి. కనుమ మీద మంచు పడుతోంది. డ్రైవరు బండి ఆపి, సీసా పట్టుకుని దిగి, చక్రాలకీ దారికీ చల్లాడు. ఆ చేత్తోనే లోపలికొచ్చి, “బిడ్డ మీద కూడా నాలుగు చుక్కలు వెయ్యనా, దోన్యా?” అన్నాడు. నేను సీట్లోంచి లేచి అతని చెయ్యి పట్టేసుకున్నాను. బస్సంతా నన్ను నాస్తికురాల్ని చూసినట్టు చూసింది. దోన్యా గుమర్సిందా సీసా తీసుకుని, కిటికీలోంచి మంచుమీద నాలుగు చుక్కలు పోసి తిరిగిచ్చేసింది.

రెండు గంటల్లో శాలువాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాం. కొరోయికోలో వియ్యపురాలి ఇంట్లో, ఎండబెట్టిన కోకా ఆకుల గోనెల మధ్య, స్టూలు మీద లామాని దింపాం. ఒక గంట ఊరికే వదిలేశాను. తర్వాత వెంట తెచ్చిన లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, కళ్ళు మూసుకుని స్విచ్చు వేశాను.

ఒక దీపం ఎర్రగానే ఉంది. రెండోది ఆకుపచ్చ. ఒక డిస్కు పోయింది, ఒకటి బతికింది. రెంటిలోనూ ఉండేది ఒకటే కాబట్టి మాకు ఒకటి చాలు.

పదకొండు శాతం. పన్నెండు. ఇరవై. అరవై దగ్గర లామా గర్‌ర్‌మంది; వియ్యపురాలు శిలువ గుర్తు వేసుకుంది. మధ్యాహ్నం రెండున్నరకి నూరయింది. నేను వెంటనే ఇంకో డిస్కు మీదికి రెండో కాపీ కూడా తీశాను. తర్వాత గోనె మీద కూలబడి ఏడ్చాను, సిగ్గుపడకుండా.

దోన్యా గుమర్సిందా మాత్రం తెరవైపు చూడలేదు. “ఇవాళ ఇంకా నలుపులోనే ఉన్నా. నువ్వు చూడు,” అని వీపు తిప్పుకుని గోడవైపు కూర్చుంది. నేను శబ్దం తీసేసి చూడటం మొదలుపెట్టాను.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. కాసియానో ఆడింది మోరెనాదా అనే ముసుగుల ఆట. నలభై మంది మగాళ్ళు, నలభై ఒకేలాంటి జరీ అంగీలు, నలభై ముసుగులు. ఉబ్బిన కళ్ళూ వేలాడే పెదవీ ఉన్న తగరపు మొహాలు, తలమీద ఈకలు. అందులో ఆయనెవరు? ఫైలు తర్వాత ఫైలు తిప్పాను. ముసుగులు తీసి మొహం తుడుచుకునే చోటు ఒక్కటీ లేదు. అప్పటికి మా దోన్ ఫెర్మిన్ ఏ బీరు బల్ల దగ్గర చేరాడో నాకు తెలుసు.

“కనపడ్డాడా?” అందామె, గోడవైపు నుంచే.

“కనపడ్డాడండీ.”

అబద్ధమాడాను. మిగిలింది చివరి ఫైలు ఒక్కటే. దోన్ ఫెర్మిన్ తాగడానికి వెళ్తూ, ఆపడం మర్చిపోయి, బీరు పెట్టెల దొంతర మీద కెమెరా పెట్టి వదిలేసిన ఫైలు. ఇలాంటివి ప్రతి పండగకీ ఉంటాయి, ఆయన్ని నాలుగు తిట్టి పారేస్తుంటాను. దీన్ని మాత్రం పూర్తిగా చూశాను. చూసి లాప్‌టాప్ మూసి, ఆమె పక్కకెళ్ళి కూర్చున్నాను.

“కనపడ్డాడు, దోన్యా,” అన్నాను మళ్ళీ. ఈసారి అది నిజం.

ఆదివారం పూజయ్యాక అద్దె హాల్లో అందరూ చేరారు. ఆమె నల్ల శాలువా ఆడపడుచు తీసి, గులాబీ రంగుది కప్పింది. గోడమీద తెల్లటి దుప్పటి, దాని మీద బొమ్మ. దోన్ ఫెర్మిన్ సీసా పట్టుకుని లాప్‌టాప్ వైపు వచ్చాడు. నావైపు చూసి, మూడడుగులు వెనక్కెళ్ళి నేలమీద పోశాడు.

నలభై మంది తెరమీద ఊగుతూ వచ్చారు. “అడుగో కాసియానో!” అని ఒక బావమరిది. “వాడు కాదురా, ఆ చివరివాడు!” అని ఇంకొకడు. “ఆ పొట్ట చూడండి, అదే మనవాడు!” పది మంది పది మందిని చూపించారు. దోన్యా గుమర్సిందా ముందుకి వంగి, ముసుగు తర్వాత ముసుగు చూసింది. బాజా ఆగింది.

“వీళ్ళలో ఎవరో నాకే తెలియట్లేదు, తల్లీ,” అంది నెమ్మదిగా.

నేను చివరి ఫైలు నొక్కాను.

బొమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంది. వంటగది గుమ్మం. ఇటు వీపు పెట్టి ఒక ఆడమనిషి పళ్ళేలు అందిస్తోంది. టోపీ, రెండు జడలు. పక్కనుంచి ఒక జరీ అంగీ వచ్చి, ఆమె వెనక ఇటు సగం తిరిగి నిలబడింది. రెండు చేతులతో ముసుగుని నెత్తిమీదికి ఎత్తింది. కాసియానో. మొహమంతా చెమట, మీసం తడిసి అతుక్కుపోయి ఉంది. ఆమె వీపు వైపు చూసి, చేతిలో గిలక్కాయ తిప్పి, అంత బరువు అంగీతో, అంత ఇరుకు గుమ్మంలో, ఆమె కోసం మూడడుగులు ఆడాడు.

తెరమీద ఆడమనిషి వెనక్కి తిరగకుండానే అరిచింది. “ఎవడ్రా అది, తాగుబోతు సచ్చినోడా! దారికడ్డం లే! పళ్ళేలు చల్లారిపోతున్నాయి!”

కాసియానో నవ్వాడు. ఇంకో రెండడుగులు ఆడి, ముసుగు దించుకుని, ఆటలోకి వెళ్ళిపోయాడు.

హాలంతా ఘొల్లున నవ్వింది. తర్వాత ఒక్కొక్కరుగా ఆమెవైపు తిరిగారు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

“మళ్ళీ పెట్టు,” అంది.

పెట్టాను. ఆయన ముసుగెత్తేసరికి ఆమె లేచింది. కళ్ళు తుడుచుకోకుండానే నడిచి వెళ్ళి దుప్పటి ముందు, ఆయనకి ఎదురుగా నిలబడింది. ఆయన చేతిలో గిలక్కాయ తిరిగింది, ఆమె పావడా తిరిగింది. ఆయన బొమ్మ సగం ఆమె గులాబీ శాలువా మీద పడింది. మూడడుగులు.

“ఎవడ్రా అది, తాగుబోతు సచ్చినోడా! దారికడ్డం లే!” అంది తెరమీద గొంతు.

“నువ్వు నోర్ముయ్యవే!” అని దోన్యా గుమర్సిందా దానిమీద కసిరి, ఆట ఆపకుండా ఆ మిగతా రెండడుగులూ ఆయనతో వేసింది.

నేను మళ్ళీ మొదటికి తిప్పాను. ఈసారి ఎవరూ అడగలేదు.